పెన్షన్ రికార్డులో లక్ష్మి, ఆధార్‌లో నాగలక్ష్మి: ఏ కాగితం మార్చాలి?

ప్రశ్న: సుబేదార్ సాబ్‌కి నమస్కారం. మాది గుంటూరు బ్రాడీపేట. 1976లో ఆర్టిలరీలో చేరి, 24 ఏళ్లు చేసి, 2000లో హవల్దార్‌గా పెన్షన్ మీద వచ్చాను. ఈమధ్య సైనిక పెన్షన్ల వెబ్‌సైటు స్పర్శ్‌లో మా వివరాలు చూసుకుంటే నా భార్య పేరు ‘లక్ష్మి’ అని ఉంది, అది కూడా ఇంగ్లిషులో ఎక్స్ అక్షరంతో. అసలు పేరు నాగలక్ష్మి. ఆధార్, పాన్, బ్యాంకు, ఇంటి రిజిస్ట్రేషన్ అన్నిట్లో అలాగే ఉంది. పుట్టిన సంవత్సరం 1967 అని పడింది, నిజానికి 1961. మా పెళ్లి 1982లో అయింది. ఇక నాకూ రెండు తేదీలున్నాయి. పదో తరగతి సర్టిఫికెట్‌లో, డిశ్చార్జ్ బుక్‌లో (రిటైరైనప్పుడు ఆర్మీ ఇచ్చే సర్వీసు పుస్తకం) 1958 జూలై 1. ఆధార్‌లో 1960 జనవరి 1. మా అమ్మ ఉన్నన్నాళ్లూ నేను 1960లోనే పుట్టానని చెప్పేది, కాబట్టి ఆర్మీ రికార్డులో అది కూడా మార్పించాలని ఉంది. మా అబ్బాయేమో ‘ఇంత తిప్పలెందుకు, అమ్మ ఆధార్‌ని లక్ష్మి అని మార్పించేస్తే పోయె’ అంటున్నాడు. తెలిసిన ఏజెంట్ ఒకతను 15 వేలు, ఒరిజినల్ పీపీవో (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు), డిశ్చార్జ్ బుక్ ఇస్తే నాసిక్ రికార్డ్ ఆఫీసుకి వెళ్లి చేయించుకొస్తానంటున్నాడు. రోజూ ఇదే టెన్షన్. ఏం చేయమంటారు?
ఒక మాజీ హవల్దార్, గుంటూరు

సమాధానం: హవల్దార్ గారూ, ముందు ఆ ఏజెంట్ సంగతి తేల్చేద్దాం. డిశ్చార్జ్ బుక్ గానీ, ఒరిజినల్ పీపీవో గానీ అతని చేతిలో పెట్టకండి. ఆయన నాసిక్ వెళ్లినా గేటు దాటి లోపలికి పోయి చేసేదేమీ ఉండదు. చేయాల్సిన పనంతా గుంటూరులోనే ఉంది. ఖర్చు కూడా అఫిడవిట్టు, పేపర్ ప్రకటనలు, జిరాక్సులు, పోస్టు, అంతే. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఉన్నదే మనకోసం. అక్కడ దరఖాస్తు ముందుకు పంపడానికి ఒక్క రూపాయి ఇవ్వక్కర్లేదు.

ఇక అసలు విషయం. మీరు మూడు తప్పులు రాశారు. మూడూ ఆర్మీ రికార్డులో మార్పించాలనుకుంటున్నారు. మీ అబ్బాయి ఆధార్ మారిస్తే పోతుందంటున్నాడు. నన్నడిగితే మీ ఇద్దరి మాటా సగం సగమే సరి. చెల్లెమ్మ పేరు, పుట్టిన సంవత్సరం ఆర్మీ దగ్గర తప్పుగా ఉన్నాయి, అవి అక్కడే మారాలి. మీ పుట్టిన తేదీ మాత్రం ఆర్మీ దగ్గర సరిగ్గానే ఉంది, తప్పు ఆధార్‌లో ఉంది. అది ఆధార్‌లోనే మారాలి. రెండు కాగితాలు కలవనప్పుడు ఏది సులువుగా మారుతుందా అని చూడకూడదు. ఏది తల్లి కాగితం, ఏది దాన్ని చూసి పుట్టింది అని చూడాలి.

మీ తేదీతో మొదలుపెడతాను, ఎందుకంటే అది తొందరగా తేలిపోతుంది. జూలై 1 అనేది మా తరం వాళ్లలో సగం మందికి బళ్లో మాస్టారు పెట్టిన పుట్టినరోజే. నాదీ అదే. జనవరి 1 ఆధార్ సెంటర్లో కుర్రాడు పెట్టింది. అమ్మ మాట అబద్ధమని అనను, కానీ అమ్మ మాటకి కాగితం లేదు. పదో తరగతి సర్టిఫికెట్ ఉంది. భర్తీ రోజున దాన్ని చూసే మీ తేదీ రాసుకున్నారు. పైగా 1960 అని వాదిస్తే మీరు 1976లో పదహారేళ్లకే ఆర్మీలో చేరినట్టవుతుంది. భర్తీకే వయసు చాలలేదని మీరే రాసి సంతకం పెట్టినట్టు! ఆ కాగితం చదివే క్లర్కు ముందు నవ్వుకుంటాడు, తర్వాత మీ ఫైలంతా అనుమానంగా చూస్తాడు. దాంతో చెల్లెమ్మ పని కూడా ఆగుతుంది.

ఈ విషయంలో సైన్యాధ్యక్షుడికే పని జరగలేదు. జనరల్ వి.కె.సింగ్ గారి గొడవ మీకు గుర్తుండే ఉంటుంది. ఆయన పదో తరగతి సర్టిఫికెట్‌లో 1951, యూపీఎస్సీ ఫారంలో 1950. ఆర్మీ హెడ్‌క్వార్టర్స్‌లోనే ఒక బ్రాంచి దగ్గర ఒక సంవత్సరం, ఇంకో బ్రాంచి దగ్గర ఇంకో సంవత్సరం. పదవిలో ఉండగానే సుప్రీంకోర్టుకు వెళ్లి, 2012 ఫిబ్రవరిలో పిటిషన్ వెనక్కి తీసుకుని, ఆ ఏడాది మే నెలాఖరుకి రిటైరయ్యారు. ఆయన చేతిలో పదో తరగతి సర్టిఫికెట్ ఉంది. మీ సర్టిఫికెట్ మీకే అడ్డం. రిటైరై పాతికేళ్లయ్యాక ఈ దరఖాస్తు పెట్టకండి.

ఇంకో మాట, నలుగురిలో చెప్పేది కాదు గానీ చెబుతాను. పెన్షనర్‌కి 80 నిండితే మూల పెన్షన్ మీద 20 శాతం అదనంగా వస్తుంది. 85కి 30, 90కి 40, 95కి 50, నూరేళ్లకి నూరు శాతం. రికార్డు ప్రకారం మీకు 2038లో 80 నిండుతాయి. 1960 అని మార్పించుకుంటే 2040. అడిగి మరీ ఏడాదిన్నర పోగొట్టుకుంటారా?

కాబట్టి మీ ఆధార్‌ని పదో తరగతి సర్టిఫికెట్ ప్రకారం 1958 జూలై 1కి మార్పించుకోండి. ఒకటి గుర్తుంచుకోండి. ఆధార్‌లో పుట్టిన తేదీ మామూలుగా జీవితంలో ఒక్కసారే మారుస్తారు, పేరు రెండుసార్లు. సెంటర్లో ఆపరేటర్ కంప్యూటర్‌లో కొట్టింది స్క్రీన్ మీద మీరే చదివి, సరేననుకున్నాకే రసీదు తీసుకోండి. అక్కడ ఇంకో తప్పు పడితే మళ్లీ మార్పించడం పెద్ద యజ్ఞం.

మీ అబ్బాయి సలహా ఎందుకు కుదరదో కూడా ఇక్కడే తెలుస్తుంది. అమ్మ ఆధార్‌ని ‘లక్ష్మి’ అని మారిస్తే స్పర్శ్‌తో కలుస్తుంది, నిజమే. కానీ పాన్‌తో కలవదు, బ్యాంకుతో కలవదు, ఇంటి కాగితాలతో కలవదు. ఒక చోట కుట్టి నాలుగు చోట్ల చింపినట్టు. పైగా ఆమె పేరు నాగలక్ష్మి అయినప్పుడు, ఎప్పుడో ఒక క్లర్కు కొట్టిన పేరు కోసం ఆమె తన పేరు వదులుకోవడమేమిటి? పిల్లవాడు మంచికే చెప్పాడులెండి, కోప్పడకండి.

ఇక చెల్లెమ్మ సంగతి. దీనిమీదే ఎక్కువ రాస్తాను.

అసలు ఈ తప్పు ఎలా పడి ఉంటుందో నాకు తెలుసు, ఎందుకంటే అలాంటి తప్పులు నేనే చేశాను. నేను సర్వీసంతా క్లర్కుని. రైఫిల్ కంటే కార్బన్ పేపరే ఎక్కువ పట్టుకున్న చేతులివి. యూనిట్‌లో కొత్తగా చేరిన రోజుల్లో ఒక జవాను సెలవు నుంచి తిరిగొచ్చి పెళ్లయిందన్నాడు. పార్ట్ టూ ఆర్డర్ (జవాను వివరాల్లో మార్పుని రికార్డుకి ఎక్కించే ఉత్తర్వు) కొట్టాలి. భార్య పేరేమిటంటే సిగ్గుపడుతూ ఇంట్లో పిలిచే పేరు చెప్పాడు. నేను అదే కొట్టాను. టైప్‌రైటర్‌లో ఒరిజినల్ కింద నాలుగు కార్బన్ కాపీలు, అయిదో కాపీలో అక్షరాలు ఎటూ కనపడవు. ఇంతలో ఫాలిన్ (వరుసకట్టే) విజిల్ పడింది. అతను చదవకుండానే సంతకం పెట్టి పరుగెత్తాడు. ఆ కాగితం రికార్డ్స్‌కి పోయింది, అక్కడ జవాను సర్వీసు వివరాలుండే షీట్ రోల్‌లో ఎక్కింది, రిటైరయ్యేటప్పుడు అక్కడినుంచి పీపీవోలోకి దిగింది. పుష్కరాలు గడిచాయి, ఆ మనిషి పేరేమిటో ఇప్పుడు నాకు గుర్తులేదు, అతని భార్య అసలు పేరు ఏమై ఉంటుందా అని మాత్రం ఇప్పటికీ అనిపిస్తుంది.

మీ విషయంలోనూ ఇలాంటిదే జరిగి ఉండాలి. ఇంట్లో మీరు ఆమెని లక్ష్మీ అని పిలుస్తారు కదా? క్లర్కు ఉత్తరాది మనిషైతే క్ష దగ్గర కేఎస్‌హెచ్ అని రాయడు, ఎక్స్ వేస్తాడు. వాళ్లకదే అలవాటు. మనకి ముందుండే ‘నాగ’, ‘వెంకట’, ‘సాయి’ వాళ్లకి అదనపు సామానుగా కనిపిస్తాయి. ఇంటిపేరు మొదట రావడమే వాళ్లకి వింత, దాన్ని ఒక పొడి అక్షరం చేసి వదిలేస్తారు. ఇక 1961 ఎందుకు 1967 అయిందో మీ ఉత్తరం చూస్తే తెలిసిపోయింది. మీరు 1 అంకెకి పైన తోక పెట్టి, కాస్త వంచి రాస్తున్నారు. నాకే ఒకచోట 1982 చదవడానికి 7982లా కనిపించింది.

దరఖాస్తులో ఈ మాట ధైర్యంగా వాడుకోండి. రికార్డు ప్రకారం 1967లో పుడితే 1982లో పెళ్లినాటికి ఆమెకి పదిహేనేళ్లు. 1978 సవరణ నుంచి ఆడపిల్ల పెళ్లి వయసు చట్టప్రకారం 18. అంటే రికార్డులో పెళ్లి తేదీ, పుట్టిన తేదీ ఒకదానితో ఒకటి పొసగడం లేదు. 1961 అయితే 21 ఏళ్లు, అన్నీ సరిపోతాయి. తప్పు రికార్డులోనే కనిపిస్తుంటే క్లర్కుకి నోట్ రాయడం తేలిక. మీరు బతిమాలుతూ రెండు పేజీలు రాసేకన్నా ఈ ఒక్క లెక్క నయం.

ఈ ఆరేళ్ల తేడా అంత పెద్దదా అని మీకు అనిపించవచ్చు. పెద్దదే. మీకు 67 దాటాయి కాబట్టి మీ తర్వాత ఆమెకి వచ్చేది మామూలు కుటుంబ పెన్షన్, 30 శాతం లెక్కన. పైన చెప్పిన 80 ఏళ్ల అదనం కుటుంబ పెన్షన్‌కి కూడా ఉంది, అక్కడ చూసేది ఆమె వయసు. 1961 అయితే 2041లో మొదలవుతుంది, 1967 అయితే 2047లో. కుటుంబ పెన్షన్ మూలం నెలకి 15 వేలనుకోండి, ఊరికే లెక్కకి. 20 శాతం అంటే 3 వేలు. ఆరేళ్లంటే 72 నెలలు, 2 లక్షల 16 వేలు, దానిమీద కరువు ఉపశమనం (డీఆర్) వేరు. 85, 90 మెట్లు కూడా అలాగే ఆరేసి ఏళ్లు వెనక్కి పోతాయి. ఎనభై ఏళ్ల మనిషికి మందులకి ఉపయోగపడే డబ్బది.

పేరు తేడా ఇంకా ముందే దెబ్బ కొడుతుంది. మీరు పోయాక (చెప్పక తప్పదు, సిపాయిలం కదా) ఆమె మరణ ధ్రువపత్రం పెట్టి కుటుంబ పెన్షన్ అడుగుతుంది. పీపీవోలో లక్ష్మి, చేతిలో నాగలక్ష్మి. చూసేవాళ్లకి మొట్టమొదట వచ్చే అనుమానం ఈమె రెండో భార్యేమో అని. పట్టించుకోకుండా కాదు, ఇద్దరు భార్యల తగాదాలు వాళ్లు చాలా చూసి ఉంటారు. అప్పుడు ఆమె తన పెళ్లి తనే రుజువు చేసుకోవాలి. ఈరోజు మీరు ‘ఈ ఇద్దరూ ఒక్కరే, నా భార్యే’ అని సంతకం పెడితే అదే పెద్ద సాక్ష్యం. తర్వాత ఆమె వెయ్యి కాగితాలు తెచ్చినా ఆ ఒక్క సంతకానికి సాటి రాదు. మొన్నామధ్య తెనాలి వైపు నుంచి ఒకావిడ మా ఇంటికి వచ్చింది, ఇదే సమస్య, కాకపోతే ఆయన లేడు. ఒక సంచి నిండా కాగితాలు తెచ్చి అరుగు మీద పరిచింది. అందులో పెళ్లి శుభలేఖ దొరికితే దానిమీద పసుపు మరకల కింద ఆమె పూర్తి పేరు ఉంది. అదే ఆమెకి పెద్ద ఆధారమైంది. మీ శుభలేఖ ఉంటే దాచండి.

ఇప్పుడు పని ఎలా చేయాలో చెబుతాను. మొట్టమొదట తప్పు ఎక్కడ పుట్టిందో చూడండి. మన వివరాలు మూడు చోట్ల ఉంటాయి. రికార్డ్ ఆఫీసులో షీట్ రోల్, దాన్ని చూసి ఇచ్చిన పీపీవో, దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించిన స్పర్శ్. మీ డిశ్చార్జ్ బుక్ తీసి కుటుంబ వివరాలు రాసిన చోట చూడండి. 2000లో వచ్చిన పీపీవో చూడండి, దానిమీద పెన్షన్ ఆఫీసు ఊరు ఇంకా అలహాబాద్ అనే ఉంటుంది, ఇప్పుడది ప్రయాగ్‌రాజ్. ఆ రెంటిలో 1961 అని ఉండి స్పర్శ్‌లో మాత్రమే 1967 పడి ఉంటే పని సగం అయిపోయినట్టే, అది ఎక్కించడంలో పొరపాటు, పాత కాపీలు జతచేసి సవరించమంటే చాలు. మూడింట్లోనూ తప్పే ఉంటే మూలం నుంచి మార్చాలి. స్పర్శ్‌లో ఎంత నొక్కినా భార్య పేరు, పుట్టిన తేదీ లాంటివి రికార్డ్ ఆఫీసు ఒప్పుకోకుండా మారవు.

డిశ్చార్జ్ బుక్‌లో అక్షరాలు చెరిగిపోయి కనపడకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. 10 రూపాయల ఫీజు, ఆన్‌లైన్‌లోనూ పెట్టొచ్చు. ‘నా షీట్ రోల్‌లో కుటుంబ వివరాలున్న పేజీ, నా పెళ్లి పార్ట్ టూ ఆర్డర్, ధ్రువీకరించిన నకళ్లు ఇవ్వండి’ అని ఒక్క వాక్యం చాలు. 30 రోజుల్లో జవాబివ్వాలి. మన సొంత రికార్డు మనం అడుగుతున్నాం, కారణం చెప్పక్కర్లేదు. నా అభిప్రాయంలో ప్రతి మాజీ సైనికుడూ ఇది ఒకసారి చేయాలి. అందులో మన గురించి ఏముందో చాలామందికి తెలియదు.

గన్నర్లు మీలో చాలామంది గోల్కొండ ఆర్టిలరీ సెంటర్‌లో శిక్షణ పొంది, ‘మన రికార్డులు హైదరాబాద్‌లోనే’ అనుకుంటారు. ఆర్టిలరీ రికార్డ్స్ ఉన్నది నాసిక్ రోడ్ క్యాంప్‌లో. మిగతా పాఠకులకి కూడా ఇక్కడే చెప్పేస్తాను: ఈఎంఈ (ఎలక్ట్రికల్, మెకానికల్ ఇంజనీర్లు), ఏవోసీ (ఆర్డ్‌నెన్స్) వాళ్లకి సికింద్రాబాద్, ఎంఈజీ (మద్రాస్ ఇంజనీర్లు) వాళ్లకి బెంగళూరు, సిగ్నల్స్‌కి జబల్‌పూర్, మద్రాస్ రెజిమెంట్‌కి నీలగిరుల్లో వెల్లింగ్టన్. నేవీ సెయిలర్లది ముంబయి, ఎయిర్‌ఫోర్స్ వాళ్లది ఢిల్లీ సుబ్రతో పార్క్.

దరఖాస్తు ఆఫీసర్ ఇన్‌చార్జ్, రికార్డ్స్ పేరు మీద రాయండి. మొదటి వరుసలోనే ఆర్మీ నంబర్, ర్యాంక్, రికార్డులో ఉన్నట్టే మీ పేరు, పీపీవో నంబర్. తర్వాత రికార్డులో ఏముంది, ఏమి ఉండాలి, అంతే. మీ వయసు, మీ యుద్ధాలు, మీ మోకాళ్ల నొప్పి అక్కర్లేదు. ఒక పేజీ దాటకూడదు. పేరుకి, పుట్టిన సంవత్సరానికి రెండు వేరువేరు దరఖాస్తులు పెట్టమని కొందరంటారు, నేను ఒప్పుకోను. ఒకే మనిషికి సంబంధించినవి ఒకే ఫైలులో నడిస్తేనే మంచిది.

అఫిడవిట్ మీరు ఇవ్వాలి, చెల్లెమ్మ కాదు. సర్వీసు రికార్డు మీది. అందులో రెండు పేర్లూ అక్షరం పొల్లుపోకుండా రాయించండి. ‘డిశ్చార్జ్ బుక్‌లో, పీపీవోలో ఫలానా అని, ఆధార్‌లో, పాన్‌లో ఫలానా అని ఉన్న ఈ రెండు పేర్లూ నా చట్టబద్ధమైన భార్యవే, ఇద్దరూ ఒకే వ్యక్తి. నాకు వేరే భార్య లేదు’ అన్న భావం రావాలి. సరైన పుట్టిన తేదీ కూడా ఇందులోనే. గుంటూరు కోర్టు దగ్గర టైపిస్టులు ఒక పాత నమూనా పెట్టుకుని పేర్లు మాత్రం మార్చేస్తుంటారు, అందులో వేరేవాళ్ల ఊరు మిగిలిపోయిన అఫిడవిట్ నేను కళ్లారా చూశాను. టైపయ్యాక కూర్చుని చదవండి. మొదటి తరగతి జ్యుడీషియల్ మెజిస్ట్రేట్ ముందు చేయించండి. నోటరీ తేలిక, చవక, కానీ నోటరీది చెల్లదని తిరిగొస్తే రెండు నెలలు పోతాయి.

పేరులో ‘నాగ’ అనే ముక్కే లేదు కాబట్టి పత్రికా ప్రకటన కూడా అడుగుతారు, ఒక ఇంగ్లిషు పేపర్లో, ఒక తెలుగు పేపర్లో. పడినరోజు పేపరు పూర్తిగా దాచండి, ప్రకటన ముక్క ఒక్కటే కత్తిరిస్తే తేదీ, పేపరు పేరు పోతాయి. ఒక్క ఎక్స్ అక్షరం తేడా మాత్రమే అయితే ప్రకటన లేకుండా జరిగిపోయేది. ఏమేం జతచేయాలో ఒక్కో రికార్డ్ ఆఫీసుకి ఒక్కో పట్టిక ఉంటుంది. అందుకే అఫిడవిట్‌కి ముందే సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లి, ఆర్టిలరీ వాళ్ల తాజా పట్టిక చూపించమని అడగండి. అక్కడ పనిచేసేవాళ్లు కూడా మనలాంటి మాజీలే, ‘జై హింద్ సాబ్’ అని పలకరించి కూర్చుంటే విసుక్కోరు.

పుట్టిన సంవత్సరానికి రుజువు ఏమిటన్నదే మీ కేసులో బలహీనమైన చోటు. ఆమె ఎంతవరకు చదివిందో మీరు రాయలేదు. పదో తరగతి పాసైతే ఇక మాట్లాడక్కర్లేదు. అయిదో, ఏడో చదివినా ఆ ఊరి బడిలో అడ్మిషన్ రిజిస్టర్ ఉంటుంది. హెడ్‌మాస్టర్‌ని కలిసి స్టడీ సర్టిఫికెట్ తీసుకోండి. పాత రిజిస్టర్లు బీరువా పైన చెదలు పట్టి ఉంటాయి, ఓపికగా మీరే వెతుకుతానంటే వాళ్లు కాదనరు. బడికే వెళ్లలేదంటే, పుట్టిన ఊళ్లో ఆలస్య జనన నమోదుకి ఆర్డీవో ఉత్తర్వుతో వెళ్లే దారి ఉంది. ఆధార్ ఒక్కటే పట్టుకుని వెళ్తే చాలదేమో. పుట్టిన తేదీకి ఆధార్ రుజువు కాదని 2024లో ఒక ప్రమాద పరిహారం కేసులో సుప్రీంకోర్టు కూడా అంది. ఆధార్, పాన్ జతచేయండి, కానీ వాటి వెనక ఒక పాత కాగితం ఉండేలా చూడండి. మీ పెద్ద సంతానం పుట్టిన తేదీ రికార్డులో ఉంటుంది కదా, దాన్ని కూడా లెక్కలోకి తెచ్చి చూపించవచ్చు.

వీటితోపాటు మీ ఇద్దరి జంట ఫొటో, డిశ్చార్జ్ బుక్, పీపీవో జిరాక్సులు. ఫొటోలో చెల్లెమ్మ మొహం స్పష్టంగా కనపడాలి, పెళ్లిలో తీసిన గుంపు ఫొటోలు వద్దు. మొత్తం మూడు సెట్లు చేయండి. ఒకటి రికార్డ్స్‌కి, ఒకటి సంక్షేమ కార్యాలయానికి, ఒకటి మీ బీరువాలో. కార్యాలయం వాళ్ల ఫార్వర్డింగ్ లెటర్‌తో పంపితే ఫైలుకి విలువ వేరు. స్పీడ్ పోస్టులో పంపండి, రిజిస్టర్డ్ పోస్టు 2025లో అందులోనే కలిసిపోయింది. రసీదు మీద నంబరు ఎండకి చెరిగిపోతుంది, ఫోన్‌లో ఫొటో తీసుకోండి. ఒరిజినల్ డిశ్చార్జ్ బుక్ అందులో పెట్టకండి. ఒకవేళ సవరణ రాయడానికి వాళ్లు పంపమని లిఖితపూర్వకంగా అడిగితే అప్పుడు, కార్యాలయం ద్వారానే.

తర్వాత ఎదురుచూడటం. రెండు మూడు నెలలు కదలకపోతే ఒక గుర్తుచేసే ఉత్తరం, అప్పటికీ లేకపోతే కేంద్రం వాళ్ల ఆన్‌లైన్ ఫిర్యాదుల పోర్టల్. మొదటి నెలలోనే ఫిర్యాదు పెట్టకండి, ఫైలు చూడాల్సిన క్లర్కు మీ ఫిర్యాదుకి జవాబు రాస్తూ కూర్చుంటాడు. క్లర్కుగా చెబుతున్నాను. కాదు, కుదరదు అని రాతపూర్వకంగా వస్తే ఆంధ్ర వాళ్లం వెళ్లాల్సింది సాయుధ దళాల ట్రిబ్యునల్ చెన్నై బెంచికి, ఆ ఉత్తర్వు వచ్చిన ఆరు నెలల్లోపు. మీ కేసు అంతదూరం వెళ్తుందని నేననుకోను.

రికార్డ్స్ వాళ్లు ఒప్పుకుంటే ప్రయాగ్‌రాజ్ నుంచి సవరించిన పీపీవో వస్తుంది, అందరూ కారిజెండం పీపీవో అంటారు. స్పర్శ్‌లో కూడా మారుతుంది. అది రాగానే చెల్లెమ్మ చేతికే ఇచ్చి చదవమనండి. తన పేరులో తప్పు తనకి కనపడినట్టు మనకి కనపడదు. ఆ కాపీతో ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డు, క్యాంటీన్ కార్డు మార్పించుకోండి. మీ పెన్షన్ ఖాతా ఆమెతో జాయింట్‌గా ఉందా? పాత ఆంధ్రా బ్యాంకు ఖాతా అయితే అది యూనియన్ బ్యాంకులో కలిశాక పేరు ఎలా ఉందో కూడా పాస్‌బుక్ చూడండి.

చివరిగా ఒకటి అడగాలి. మీ ఉత్తరంలో స్పర్శ్‌కి ఇచ్చిన ఫోన్ నంబర్ అని రాసి పక్కన ‘అబ్బాయిది, బెంగళూరు’ అని పెట్టారు. అంటే ఓటీపీ వచ్చినప్పుడల్లా అతను మీటింగులో ఉంటే మీ ఇంట్లో పని ఆగుతుందన్నమాట. ఫోన్ నంబర్ మార్చడానికి నాసిక్ దాకా పోనక్కర్లేదు, మీ లాగిన్‌లోనే అవుతుంది, చేతకాకపోతే దగ్గర్లోని సీఎస్‌సీ (కామన్ సర్వీస్) సెంటర్లో చేస్తారు. ఈ వారమే మీ నంబర్ పెట్టించి, లాగిన్ పాస్‌వర్డ్ చెల్లెమ్మ నోట్‌బుక్‌లో రాసివ్వండి. రాసేటప్పుడు 1కి తోక పెట్టకండి.